ఎందుకు ఆడాలి అన్నవాళ్లు నాస్తికులా?

ప్రశ్న: ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ‘ఈడిపస్ రాజు’ చదివాను. నడుమ కోరస్ వాళ్లు (పాడుతూ ఆడే బృందం) “ఇక మేం నాట్యమాడటం దేనికి?” అంటారు. దేవుళ్ల మీద నమ్మకం పోయినట్టేనా? రచయిత తన మాటే వాళ్లతో అనిపించాడా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పోలేదండీ. పోయినవాళ్లు అంతగా ఆక్రోశించరు. నేను పాఠం చెప్పే రోజుల్లో కోరస్ పాట రాగానే పిల్లలు “ఇది దాటేద్దాం సార్” అనేవారు. దాటేస్తే పోయేది ఇదే.

ఆ పాటకు ముందు రాణి జొకాస్టా ఏమందో చూడండి. కొడుకు చేతిలో చస్తాడని ఆమె మొదటి భర్త, థీబ్స్ పాత రాజు లైయస్‌కు జోస్యం చెప్పారు. ఆ పసివాణ్ణి కొండమీద పారేయించారు. లైయస్‌ను చంపిందేమో మూడు దారులు కలిసే చోట దొంగలు. కాబట్టి జోస్యాలను లెక్కచేయక్కర్లేదని తేల్చేసింది. కోరస్ అంటే ఇక్కడ థీబ్స్ పెద్దమనుషులు. వాళ్లు హడలిపోయారు. ఈ జోస్యాలు ఫలించకపోతే జోస్యం చెప్పే గుళ్లున్న డెల్ఫీకి, ఆబైకి, ఒలింపియాకు ఇక వెళ్లబోమంటారు. అంటూనే, ఇది నీ కన్నుగప్పి పోనివ్వకు తండ్రీ అని దేవతల రాజు జ్యూస్‌కు మొరపెట్టుకుంటారు. ఎవరూ లేరనుకుంటే మొర ఎవరికి?

ఇంకో సంగతి. జోస్యం నిజం కావాలనే వాళ్ల కోరిక. నిజమైతే కూలేది వాళ్లు ప్రేమించే రాజు ఈడిపస్. ఆ పారేసిన పసివాడు, లైయస్‌ను చంపినవాడు అతడే. అది వాళ్లకింకా తెలియదు, చూసేవాళ్లకు తెలుసు. నాకు ఒళ్లు జలదరించేది అక్కడే.

పైగా ఇవి డయోనైసస్ దేవుడి ఉత్సవంలో, ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలున ఆయన గుడి పక్కన ఆడిన నాటకాలు. కోరస్‌లో ఉన్నది ఏథెన్స్ పౌరులే. 12 మంది ఉండే బృందాన్ని సోఫోక్లిస్ 15 చేశాడంటారు. వాళ్ల తర్ఫీదు ఖర్చు ఒక ధనవంతుడు భరించేవాడు. రామమందిరంలో చెక్కభజన చేస్తున్నవాళ్లు అడుగు ఆపకుండానే “ఈ భజన దేనికి స్వామీ” అని పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆడుతూనే అడిగారు!

ఇక రచయిత సొంత మాటా అంటే, నేను ఒప్పుకోను. క్రీ.పూ. 458లో ఆడిన మరో నాటకకర్త ఈస్కిలస్ ‘అగమెమ్నాన్’లో కోరస్ అయిన ఆర్గోస్ నగరపు ముసలివాళ్లు “జ్యూస్, నువ్వెవరివైనా సరే” అని తడుముకుంటారు. ఇంకో నాటకకర్త యూరిపిడిస్ చనిపోయాక ఆడిన అతని ‘బాకే’లో కోరస్ పూర్తిగా డయోనైసస్ భక్తురాళ్లే. ఎవరి నమ్మకం వాళ్లది, ఆ పాత్రకు తగ్గది.

ఈసారి చదివేటప్పుడు పాట దగ్గర ఆగిపోకండి. అది ముగియగానే జోస్యాలను కొట్టిపారేసిన ఆ జొకాస్టాయే పూలదండలు, ధూపం పట్టుకొని జోస్యాల దేవుడు అపోలో బలిపీఠం దగ్గరికి వస్తుంది. ఆ వెంటే కోరింత్ నగరం నుంచి ఒకడు ‘శుభవార్త’ మోసుకొస్తాడు. గుట్టు బయటపడటం మొదలయ్యేది వాడి నోటి నుంచే.