నొప్పి లేని కాలి పుండు

ప్రశ్న: మా నాన్నగారికి పన్నెండేళ్లుగా షుగరు ఉంది. కుడి బొటనవేలి కింద ఆనెకాయ పగిలి పుండు పడి రెండు నెలలైంది. నొప్పి లేదని గుడ్డ కట్టుకుని పొలానికి వెళ్తూనే ఉన్నారు. మా తాతగారికి ఇలాగే మొదలై చివరికి కాలు తీసేశారు. షుగరు పుండు మానదంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిజం కాదు; సకాలంలో సరైన వైద్యం అందితే ఇలాంటి పుండ్లు చాలావరకు మానుతాయి. ఆ భయానికి మాత్రం కారణం ఉంది. 1922లో ఇన్సులిన్ వాడకంలోకి రాకముందు, 1940లలో పెన్సిలిన్ అందకముందు, పాదం కుళ్ళితే కాలు తీసేసినా ప్రాణం దక్కుతుందన్న భరోసా ఉండేది కాదు.

ఈ పుండు ఎందుకు మానదో తేల్చడంలో మన దేశానికి పెద్ద పాత్ర ఉంది. వెల్లూరులో కుష్ఠు రోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, స్పర్శ పోయిన పాదం ఒకేచోట పదేపదే బరువు మోయడం వల్లనే పుండ్లు పడుతున్నాయనీ, ఆ బరువు తప్పిస్తే అవి మామూలు గాయాల్లాగే మానుతున్నాయనీ చూపారు. 1960లలో అమెరికా వెళ్లాక, పాదానికి అతికినట్టుండే ప్లాస్టరు కట్టుతో బరువును పాదమంతటా పంచే పద్ధతిని అక్కడ వ్యాప్తిలోకి తెచ్చారు. షుగరు వల్ల కూడా నరాలు దెబ్బతిని పాదం ఇలాగే స్పర్శ కోల్పోతుంది కాబట్టి, అదే ఇప్పుడు మధుమేహ రోగుల అరికాలి పుండ్లకు ముఖ్యమైన చికిత్స. ఎంత మంచి మందు రాసినా, ఆ కాలితోనే మడిలో తిరుగుతుంటే పుండు మానదు.

మీ నాన్నగారికి నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది, ఎందుకంటే నరాలు దెబ్బతిన్నాయనడానికి అది గుర్తు. ఈ వారమే వైద్యునికి చూపించండి. సన్నని నైలాన్ పోగుతో స్పర్శను, డాప్లర్‌తో రక్తప్రసరణను, ఎక్స్‌రేతో ఎముకను పరీక్షించాలి. పుండు చుట్టూ గట్టిపడిన చర్మాన్ని, చచ్చిన కండను వైద్యులే తొలగించాలి. ఇంట్లో బ్లేడుతో కోయడం, ఆకుపసర్లు పోయడం, వేడినీళ్ళ కాపడం వద్దు. రక్తనాళాలు మూసుకుపోయి ఉంటే యాంజియోప్లాస్టీతోనో బైపాస్‌తోనో ప్రసరణను పునరుద్ధరించే వీలుంది. మీ తాతగారి తరానికి ఈ అవకాశం దాదాపు లేదు. చక్కెర అదుపులో ఉండాలి, పొగతాగే అలవాటుంటే మానాలి.

జ్వరం, దుర్వాసన, పాదం ఎర్రబడి వాయడం, వేలు నల్లబడటం – వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.