అణు వ్యర్థాలు చివరికి ఎక్కడికి పోతాయి?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: రేడియోధార్మిక వ్యర్థాలను గాజుగా మార్చే ప్లాంటులో పనిచేసి రిటైరై, బరంపురంలో ఉంటున్న ఇంజినీరు

ప్రశ్న: సార్, మాది గంజాం జిల్లా గోపాలపూర్ తీరం. మావాళ్లు వేటకు వెళ్తారు. మా అమ్మాయిని శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు ఇచ్చాం. అక్కడ కొవ్వాడలో అణు కరెంటు ప్లాంటు పెడతారట. దాని చెత్తంతా సముద్రంలో పారబోస్తారని కొందరు అంటున్నారు. కాదు, అంతా మళ్లీ వాడేసుకుంటారు, ఏమీ మిగలదని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: రెండూ నిజం కాదమ్మా. "ఏమీ మిగలదు" అంటే మాత్రం నాకు కోపం వస్తుంది. ఆ మిగిలినదాంతోనే నా సర్వీసంతా గడిచింది.

మన దేశంలో ఎక్కువగా నడిచేవి భారజల రియాక్టర్లు, అంటే మామూలు నీటి కన్నా బరువైన నీటిని వాడేవి. వాటిలో వాడి తీసిన ఇంధనంలో 98 శాతానికి పైగా యురేనియమే ఉంటుంది. ప్లుటోనియం అర శాతం లోపే. మిగతా కాస్తా యురేనియం చీలినప్పుడు పుట్టే సీసియం, స్ట్రాన్షియం లాంటివి. రేడియోధార్మికత ఘాటంతా దాదాపు ఆ కాస్తలోనే ఉంది. ఇంధనాన్ని ముందు కొన్నేళ్లు నీళ్ల కొలనులో చల్లారనిస్తారు. తర్వాత ముక్కలుగా కోసి, నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్ అనే రసాయనంతో యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ బయటికి లాగుతారు. దీన్నే రీప్రాసెసింగ్ అంటారు. ముంబైలోని ట్రాంబేలో 1964 నుంచే మనవాళ్లు చేస్తున్న పని ఇది. ఆ రెండూ మళ్లీ ఇంధనానికి పనికొస్తాయి. మిగిలిన యాసిడ్ ద్రవం మా విభాగానికి వచ్చేది.

మందపాటి కాంక్రీటు గోడకు ఇవతల నిలబడి, సీసం కలిపిన గాజు కిటికీలోంచి చూస్తూ, యంత్రపు చేతులతో లోపలి పనులు చేసేవాళ్లం. ఆ ద్రవాన్ని బోరాన్ ఉన్న గాజు సరుకుతో కలిపి, వెయ్యి డిగ్రీలకు దగ్గరగా కాచి, స్టీలు డబ్బాల్లోకి పోసి మూత వెల్డింగ్ చేస్తాం. మీ చేతి గాజుల్లో రంగు పైపూత కాకుండా గాజులోనే కలిసిపోయి ఉంటుంది కదా, ఇదీ అంతే. నీళ్లు తగిలినా అంత తేలిగ్గా బయటికి రాదు. ఆ ద్రవంలోంచే సీసియాన్ని వేరుచేసి, బ్లడ్ బ్యాంకుల్లో రక్తానికి కిరణాలు పట్టించే యంత్రాలకు గాజు కడ్డీలు కూడా తయారు చేస్తారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం.

కానీ గాజు చేస్తే రేడియోధార్మికత పోదు, కదలకుండా కట్టుబడుతుంది, అంతే. సీసియం సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది. వెయ్యో వంతుకు రావాలంటే 300 ఏళ్లు. నెప్టూనియం లాంటివి లక్షల ఏళ్లు ఉంటాయి. డబ్బాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి కాబట్టి, గాలి ఆడే కాంక్రీటు కట్టడాల్లో పెట్టి కనిపెట్టుకుని ఉంటారు. ఫిన్లాండ్ వాళ్లు 400 మీటర్లకు పైగా లోతున రాతిలో శాశ్వతంగా దాచే చోటు తవ్వుకున్నారు. మన దేశంలో అలాంటి చోటు ఇంకా లేదు.

ఇక సముద్రం. ఈ ఘాటైన ద్రవాన్ని సముద్రంలో పోయరు. అయితే అణు ప్లాంట్లు శుద్ధిచేసిన, స్వల్ప రేడియోధార్మికత ఉన్న నీటిని పరిమితికి లోబడి బయటికి వదులుతాయి. ప్లాంటు వల్ల ప్రజల్లో ఎవరికీ ఏడాదికి అందే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే లెక్క) దాటకూడదన్నది నియమం. ప్రకృతి నుంచి మనిషికి అందేదే ప్రపంచ సగటున 2.4. ప్లాంట్ల దగ్గర చేపలనూ నీళ్లనూ పరీక్షించే ల్యాబులు ఉంటాయి. ఆ ఫలితాలు తెలుగులో, ఊళ్లో అందరికీ కనబడేలా పెట్టమని మీ అల్లుడి ఊరివాళ్లు గట్టిగా అడగాలి. వేట మీద బతికేవాళ్లకు అది హక్కు.

కొవ్వాడలో అనుకుంటున్నవి అమెరికా రియాక్టర్లు, ఆరు. వాటి ఇంధనం వేరే రకం, తేలిగ్గా చీలే రకం యురేనియం పాళ్లు పెంచినది. 2010లో అమెరికాతో కుదిరిన ఏర్పాటు ప్రకారం, దాన్ని రీప్రాసెస్ చేయాలంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలో ఉండే ప్రత్యేక కేంద్రం కావాలి. కాబట్టి వాడిన ఇంధనం ముందుగా ఉండేది ఆ ఆవరణలోని కొలనులోనే, ఏళ్ల తరబడి. ఎన్నేళ్లు? కొలను నిండితే తర్వాత ఎక్కడ పెడతారు? ప్రజాభిప్రాయ సేకరణలో ఈ రెండూ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. రీప్రాసెసింగ్ మంచిదని నమ్మేవాణ్ణే నేను. అందుకే చెబుతున్నాను, ఆ జవాబు లేకుండా సంతకాలు పెట్టొద్దు.

ప్రశ్న: మా ఛత్రపురం ఇసుకలోని మోనజైట్ ఖనిజంలో థోరియం ఉంది కదా. థోరియంతో కరెంటు తీస్తే వ్యర్థాలు ఉండవా?
- ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఉంటాయి బాబూ. థోరియం నేరుగా ఇంధనం కాదు. రియాక్టర్‌లో న్యూట్రాన్లు తగిలి యురేనియం-233గా మారాలి. అది చీలినా సీసియం, స్ట్రాన్షియం వస్తాయి. పైగా దానితోపాటు కొద్దిగా యురేనియం-232 కూడా పుడుతుంది. అది క్రమంగా క్షీణిస్తూ మారే పదార్థాల్లో ఒకటైన థాలియం-208 నుంచి చాలా బలమైన గామా కిరణాలు వస్తాయి కాబట్టి, ఆ ఇంధనాన్ని తయారు చేయడం కూడా మందపాటి గోడల వెనక నుంచే చేయాలి. యురేనియం-233తో నడిచే చిన్న రియాక్టర్ కామిని 1996 నుంచి కల్పాక్కంలో ఉంది, సామర్థ్యం 30 కిలోవాట్లు. కరెంటు కోసం కాదు, పరిశోధన కోసం. ఎమ్మెస్సీలో న్యూక్లియర్ కెమిస్ట్రీ వైపు వెళ్లే ఆలోచన ఉంటే మళ్లీ రాయి, ఏం చదవాలో వివరంగా చెప్తాను.