రిబ్బన్ కట్టినా చిలకలు వాలుతున్నాయంటే తప్పు రిబ్బన్‌ది కాదు

పొదిలి వైపు పొద్దుతిరుగుడు వేసిన అన్న అడిగిన ప్రశ్న: "చేలో పిట్టల్ని బెదరగొట్టే మెరుపు రిబ్బన్ కట్టి నెలయింది. చిలకలు పది రోజులు బెదిరి మళ్ళీ వాలుతున్నాయి. మందేమైనా ఉందా?"

మందు సంగతి పక్కన పెట్టండి. నెల కిందట మీ చేను మొగ్గ మీదుంది. తినడానికేమీ లేనప్పుడే రిబ్బన్ చూపించి వాటి బెరుకు తీర్చేశారు. గింజ పాలు పోసుకునేటప్పుడు కట్టాలి.

చిలకలు ఎలా దిగుతాయో ఒక పొద్దున గట్టున నిలబడి చూడండి. నేరుగా చేలో పడవు. ముందు కరెంటు తీగ మీదో, వేపకొమ్మ మీదో వాలి అటూ ఇటూ చూస్తాయి. తర్వాత ఒకటి గట్టు వరసలో పువ్వు మీదకి దిగి, వెనక నుంచి కాళ్ళతో పట్టుకుని, తల కిందికి వేలాడేసి అంచు గింజలు ఒలుస్తుంది. గింజ ముదిరేది అంచు నుంచి మధ్యకు, ఆ లెక్క దానికి తెలుసు. దాన్ని ఎవరూ కదిలించకపోతే మిగతా గుంపు దిగినట్టే. తోలాల్సింది తీగ మీదున్నప్పుడు.

రిబ్బన్ వరసలు ఉత్తర దక్షిణాలుగా లాగండి. పొద్దుటెండ, సాయంత్రపుటెండ నేరుగా తగిలి మెరుస్తుంది, సముద్రం వైపు గాలి అడ్డంగా కొట్టి బుయ్యిమని మోగుతుంది. వరసకూ వరసకూ 5 మీటర్లు, 10 మీటర్లకొక కర్ర, పైరు మీద మూరెడు ఎత్తు. కర్రల మధ్య రెండు మూడు మెలికలు వేయండి. బిగిస్తే తెగుతుంది, వదులైతే పువ్వులకు చుట్టుకుని మూగబోతుంది. ఎకరా నలుచదరంగా ఉంటే 13 వరసలు, 800 మీటర్ల పైచిలుకు పడుతుంది.

చిక్కేమిటంటే, తెల్లారేసరికి గాలి ఉండదు, ఎండా రాదు. చిలకలు దిగేది అప్పుడే. ఆ రెండు గంటలూ, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగూకే దాకా మంచె మీద మనిషి ఉండాల్సిందే. మిట్టమధ్యాహ్నం డబ్బా కొడుతూ కూర్చోవడం దండగ, అవి చెట్ల నీడన కునుకు తీస్తుంటాయి. కూలి డబ్బులు ఇచ్చేది ఆ పనికేనా?

ఇంకోటి. పురుగుల్ని తినే పిట్టలు వాలాలని పాతిన కర్రలు (పక్షి స్థావరాలు) గింజ పట్టగానే పీకేయండి. పురుగుల్ని పట్టే ఏట్రింత పిట్ట కూర్చున్న కర్ర మీదే చిలకా కూర్చుంటుంది. సజ్జ, జొన్న చేలకూ ఇంతే.

చుట్టుపక్కల వాళ్ళు ఒకే వారంలో విత్తితే నష్టం అందరికీ తలా కాస్త పడుతుంది. ముందు ముదిరిన చేను, ఆఖరున మిగిలిన చేను బలి. ఈ మాట ఏటా చెప్పుకుంటాం, ఏటా ఎవరికి వాళ్ళే విత్తుతారు. కోపమొచ్చి విషపు గింజలు మాత్రం చల్లొద్దు. చిలకను చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, పైగా పురుగుల్ని ఏరే గోరింకలు ముందు చస్తాయి.

పువ్వు వెనక నిమ్మపండు రంగు తిరగ్గానే కోసి కల్లంలో పల్చగా ఆరబెట్టండి. పచ్చివి కుప్ప వేస్తే బూజు పడుతుంది.