మూడు ఇండికేటర్లూ ‘కొను’ అంటే గెలిచే అవకాశం నిజంగా 93 శాతమా?

మీ లెక్క ఇది: ఆర్‌ఎస్‌ఐ, ఎంఏసీడీ, బోలింజర్ బ్యాండ్స్ (షేరు ధరల నుంచి లెక్కగట్టి, కొనాలా అమ్మాలా సూచించే ఇండికేటర్లు) ఒక్కొక్కటి 100కి 60 సార్లు కరెక్ట్. మూడూ ఒకేసారి ‘కొను’ అన్నాయంటే, మూడూ తప్పే అవకాశం 0.4 × 0.4 × 0.4, అంటే 6.4 శాతమే. కాబట్టి గెలుపు 93.6 శాతం. ఈ ధైర్యంతో దాచుకున్న డబ్బు నిఫ్టీ ఆప్షన్స్‌లో (నిఫ్టీ సూచీ ఎటు కదులుతుందనే దాని మీద కొనే, అమ్మే కాంట్రాక్టుల్లో) పెట్టొచ్చా అని అడిగారు.

దయచేసి ఇప్పుడే పెట్టకండి. 2021లో నేను అచ్చం ఇదే లెక్క వేశాను. కాగితం మీద రాసి మా ఆవిడకు చూపించాను కూడా. ఆ నమ్మకంతోనే ఒక బ్యాంకు షేరు ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు) కొన్నాను. నాలుగు రోజుల్లో రెండు నెలల జీతం పోయింది. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న టెన్షన్ ఇంకెవరికీ వద్దు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్కలోని తప్పు చూద్దాం. 93.6 అనేది మూడింటిలో కనీసం ఒక్కటైనా కరెక్ట్ అయ్యే అవకాశం. కానీ మూడూ ఒకే మాట చెప్పాక, ఒకటి కరెక్ట్, రెండు తప్పు అనే మాటే ఉండదు. అయితే మూడూ కరెక్ట్, లేకపోతే మూడూ తప్పు. మూడూ కరెక్ట్ అయ్యే అవకాశం 0.6 × 0.6 × 0.6, అంటే 21.6 శాతం. మూడూ తప్పే అవకాశం 6.4. రెండూ కలిపితే 28. ఆ 28లో 21.6 అంటే సుమారు 77 శాతం. మీ 93.6 ఇక్కడికే 77కి దిగింది.

77 మాత్రం తక్కువా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ అలా గుణించాలంటే ఒక షరతు ఉంది: ఒక ఇండికేటర్ తప్పిందని తెలిసినా, రెండోది తప్పిందో లేదో మనం ఊహించలేకపోవాలి. మన మూడింటికీ ఆ షరతు వర్తించదు. ఆర్‌ఎస్‌ఐ 14 రోజుల లాభనష్టాల సగటు నుంచి వచ్చే, 0 నుంచి 100 మధ్య ఉండే అంకె. ఎంఏసీడీ 12, 26 రోజుల సగటుల తేడా. బోలింజర్ బ్యాండ్స్ 20 రోజుల సగటుకు అటూ ఇటూ గీసిన గీతలు. మూడింటికీ ముడిసరుకు ఒక్కటే, ముగింపు ధర. ఒకే పేపరు చదివి వచ్చిన ముగ్గురు ఒకే వార్త చెబితే, దాన్ని మూడు సాక్ష్యాలుగా లెక్కపెట్టం కదా.

డబ్బు పోయాక ట్రేడింగ్ ఆపేసి, ఐదు పెద్ద షేర్ల పదేళ్ల ధరలు ఎక్సెల్‌లోకి దించుకున్నాను. ఆర్‌ఎస్‌ఐ 30 దాటి పైకి వస్తే ఒక కాలమ్‌లో 1. ధర కింది బ్యాండ్ తాకి తిరిగి లోపలికి వస్తే రెండో కాలమ్‌లో 1. ఎంఏసీడీ తన సిగ్నల్ లైన్‌ను (దాని సొంత సగటు గీతను) పైకి దాటితే మూడో కాలమ్‌లో 1. మూడూ ఒకే రోజు పడటం చాలా అరుదు, ఎందుకంటే ఎంఏసీడీ కాస్త ఆలస్యంగా కదులుతుంది. అందుకని మూడు సెషన్ల (ట్రేడింగ్ రోజుల) లోపు వస్తే ఒకేసారి వచ్చినట్టే తీసుకున్నాను. చివరి కాలమ్‌లో, ఐదు సెషన్ల తర్వాత ధర పైన ఉందా, కింద ఉందా అని రాశాను.

మూడూ కలిసిన సందర్భాలు 41 దొరికాయి. 77 శాతం నిజమైతే అందులో తొమ్మిదో పదో తప్పాలి. 17 తప్పాయి. కరెక్ట్ అయినవి 24, అంటే 58.5 శాతం. మూడు కలిపినా, ఒక్కదాని మీద నమ్ముకున్న 60 కంటే పెరిగింది ఏమీ లేదు. పైగా ఏ సిగ్నలూ చూడకుండా ఏదో ఒక రోజు కొన్నా, నా షీట్‌లో 100కి 53 సార్లు ఐదు సెషన్ల తర్వాత ధర పైనే ఉంది. అసలు చూడాల్సింది 53కీ 58.5కీ మధ్య తేడా. 41 సందర్భాలతో వచ్చిన శాతంలో ఎనిమిది శాతం అటూ ఇటూ ఊగిసలాట మామూలే కాబట్టి, ఆ తేడా కూడా ఉందని గట్టిగా చెప్పలేం. ఆ 41లో కొన్ని 2020 మార్చి పతనం తర్వాత దాదాపు ఒకే వారంలో అన్ని షేర్లకూ వచ్చినవి. వాటిని విడివిడిగా లెక్కపెట్టడం కూడా సరైంది కాదు.

అయితే కలపడం దండగా అంటే, కాదు. వేరు వేరు చోట్ల నుంచి వచ్చే సమాచారం కలపాలి. నేను ఇప్పుడు ధర నుంచి ఎంఏసీడీ ఒక్కటే ఉంచుకున్నాను. రెండోది, ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే డెలివరీ శాతం, అంటే ఆ రోజు చేతులు మారిన షేర్లలో అదే రోజు తిరిగి అమ్మేయకుండా ఖాతాలోకి తీసుకున్న వాటి వాటా. మూడోది ఇండియా విక్స్, అంటే మార్కెట్ ముందు ముందు ఎంత ఊగిసలాడొచ్చో అంచనా చెప్పే సూచీ. అది నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి వస్తుంది. మార్కెట్ పడితే విక్స్ సాధారణంగా పెరుగుతుంది కాబట్టి అదీ పూర్తిగా స్వతంత్రం కాదు. అందుకే గుణించడం మానేసి నేరుగా లెక్కపెడతాను. మూడు సిగ్నళ్లకు అవును, కాదు అంటే ఎనిమిది వరుసల పట్టిక. ప్రతి వరుసలో ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు పెరిగింది. 30 కంటే తక్కువ సందర్భాలున్న వరుసను నమ్మను. 2018 వరకు ఉన్న డేటాతో పట్టిక వేసి, ఆ తర్వాతి ఏళ్ల మీద పరీక్షించాను. పాత డేటాలో మెరిసిన రెండు వరుసలు కొత్త డేటాలో నిలబడలేదు.

మీరు అడగని విషయం ఒకటుంది. గెలిచినప్పుడు 1,000 వచ్చి, ఓడినప్పుడు 2,000 పోతే, 60 శాతం గెలుపుతో కూడా ట్రేడుకు సగటున 200 నష్టం: 0.6 × 1,000 అంటే 600, అందులోంచి 0.4 × 2,000 అంటే 800 తీసేయండి. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (ట్రేడ్ మీద వేసే పన్ను) దాని మీద అదనం. 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లలో చాలామంది స్క్రీన్ మీద మీరూ నేనూ చూసే ఈ మూడు ఇండికేటర్లే ఉండి ఉంటాయి.

మీ 60 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? మీరే లెక్కపెట్టారా, ఏదైనా వీడియోలో విన్నారా? మీరే లెక్కపెట్టి ఉంటే, ఏ షేరు, ఎన్ని సందర్భాలు, ఎన్ని సెషన్ల తర్వాతి ధర చూశారో రాయండి. నా షీట్‌లోని పద్ధతిలోనే కలిసి చూద్దాం.