పెరుగుదల తగ్గిందంటే సంఖ్య తగ్గినట్టేనా?

సందేహం: డిగ్రీ తెలుగు మీడియం పిల్లలకి జువాలజీ నోట్స్ రాస్తున్నానండి. "1957 తర్వాత ఆ దీవిలో రెయిన్‌డీర్ల జనాభా పెరుగుదల తగ్గింది" అని రాస్తే చదివినవాళ్ళంతా జంతువులే తగ్గిపోయాయి అనుకుంటున్నారు. వాక్యం తప్పా? అసలు జంతువులకి జనాభా అనొచ్చా? మా ఇంట్లో నవ్వుతున్నారు.

సమాధానం: నవ్వనీయండి మేడమ్. జనాభా అంటే జనం లెక్కే, కాదనను, మన గవర్నమెంటు కూడా మనుషులకి జనగణన, గొడ్లకి పశుగణన అని వేరువేరుగానే పెట్టుకుంది. కానీ సైన్సు పాఠాల్లో జనాభా అన్నమాట జంతువులకీ మొక్కలకీ ఎప్పుడో అలవాటైపోయింది, ఇప్పుడు దాన్ని పీకేసి ఇంకో సంస్కృత సమాసం తెచ్చి పెడితే ఎవరికీ ఒరిగేదేం లేదు. మామూలు రాతల్లో అయితే "సంఖ్య" చాలు. నాకు చిరాకు తెప్పించేది పేపర్లలో వచ్చే "పులుల సంతతి పెరిగింది". సంతతి అంటే కన్న పిల్లలు కదా, మహారాష్ట్ర తాడోబా వైపు నుంచి ఒక పులి ప్రాణహిత దాటి మన కాగజ్‌నగర్ అడవుల్లోకి వచ్చిందనుకోండి, ఇక్కడ సంఖ్య ఒకటి పెరిగింది, సంతతి ఎక్కడ పెరిగింది? లెక్క మారేది పుట్టడం, చావడం, రావడం, పోవడం వల్ల, సంతతి అనేసరికి మిగతా మూడూ ఎగిరిపోతాయి.

ఇక మీ వాక్యం. వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు, అయినా అలా రాయొద్దంటాను, ఎందుకో అంకెలతోనే చూద్దాం. మీరు చెప్పేది బేరింగ్ సముద్రంలో అలాస్కాకి చెందిన సెయింట్ మాథ్యూ దీవి గురించే అయ్యుంటుంది. 1944లో యుద్ధం టైంలో అక్కడున్న అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ళకి అత్యవసరమైతే తిండికి ఉంటాయని 29 రెయిన్‌డీర్లని, అంటే మంచు ప్రాంతాల్లో ఉండే జింకల్ని, వదిలారు, యుద్ధం అయిపోయింది, మనుషులు వెళ్ళిపోయారు, ఇవి ఉండిపోయాయి. తోడేళ్ళు లేవు, మేత బోలెడు. 1957కి 1,350 అయ్యాయి, 1963కి 6,000. మొదటి 13 ఏళ్ళ సగటు కడితే ఏడాదికి నూటికి 34 చొప్పున పెరిగినట్టు, తర్వాతి ఆరేళ్ళలో నూటికి 28 చొప్పున. అంటే రేటు తగ్గింది, మీరన్నది నిజమే. కానీ ముందు 13 ఏళ్ళలో మందలో కొత్తగా చేరినవి 1,321 అయితే తర్వాత ఆరేళ్ళకే 4,650 చేరాయి! దీన్ని పట్టుకుని "పెరుగుదల తగ్గింది" అంటే చదివేవాడు ఏమనుకోవాలి? "పెరుగుదల రేటు తగ్గింది, సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉంది" అని రెండు ముక్కలూ కలిపి రాయండి, రేటు అనే మాట దాటేయకండి. "మందగించింది" కూడా బాగుంటుంది గానీ మంద పక్కన మందగించడం వస్తే క్లాసులో గోల మొదలవుతుంది.

"నాలుగు రెట్లు పెరిగింది" అనేదాంతో కూడా జాగ్రత్త. 1,350 కాస్తా 6,000 అయితే "నాలుగు రెట్లకు పైగా అయింది" అనండి. పెరిగింది అంటే ఉన్నదానికి ఇంకో నాలుగు రెట్లు వచ్చి కలిసిందా అని లెక్కల మాస్టార్లు పట్టుకుంటారు.

రేటు ఎందుకు తగ్గిందో నోట్స్‌లో ఒక లైన్ ఉండాలి. 1963 నాటికి ఒక్కోదాని సగటు బరువు 1957తో పోలిస్తే మూడో వంతు పైనే పడిపోయింది, ఆడవాటికి పుట్టి బతికే పిల్లల వాటా తగ్గింది. చలికాలంలో వాటి ముఖ్యమైన మేత లైకెన్, మన మసాలాల్లో వేసే రాతిపువ్వు ఉంది చూడండి, ఆ కోవలోదే. అది చాలా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఒకసారి నున్నగా మేసేస్తే మళ్ళీ రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. దీన్ని "దీవి భార సామర్థ్యం దాటింది" అని రాసేస్తుంటారు, నాకది నచ్చదు, దీవేమన్నా వీటి బరువు మోస్తోందా? "మేత చాలే సంఖ్య దాటింది" అంటే పిల్లలకి చప్పున ఎక్కుతుంది. పైగా ఆ సంఖ్య కూడా గీసి పెట్టిన గీత కాదు, మంద అసలుకే ఎసరు పెట్టేసరికి ఏటేటా కిందికి దిగుతూ వచ్చింది. పుస్తకాల్లో గీసే ఎస్ ఆకారం గీతలో సంఖ్య హద్దు దగ్గరికొచ్చి మెల్లగా నిలబడుతుంది, ఇక్కడ మాత్రం హద్దు దాటి పైకి పోయి కూలింది.

ఇంకోటి, మంద కూలిన 1963-64 శీతాకాలం గురించి "చలికి చచ్చిపోయాయి" అని రాస్తారేమో చూసుకోండి. ఆ ఏడు చలీ మంచూ భయంకరమైనవే, చలికి మందలో ఎన్నున్నాయన్న లెక్క ఉండదు, పదున్నా పదివేలున్నా ఒకేలా వస్తుంది. మేత కొరత అలా కాదు, మంద పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది. కొవ్వు పట్టి ఉంటే చాలావరకు తట్టుకునేవి, అందుకని "మేత లేక చిక్కిపోయి ఆ చలికి తాళలేకపోయాయి" అనండి, ఒక్క "కి" మీద నేరం మొత్తం పెట్టేస్తే ఎలా.

1966లో లెక్కపెడితే 42 మిగిలాయి, 41 ఆడవి, ఒక్కటే మగది, దాని కొమ్ములు కూడా సరిగా ఎదగలేదు, పిల్లలు కలగలేదు. 1980ల నాటికి ఒక్కటీ లేదు. ఇక్కడ "అంతరించిపోయాయి" అని మాత్రం రాయకండి, రెయిన్‌డీర్లు సైబీరియాలో నార్వేలో ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి "ఆ దీవిలో లేకుండా పోయాయి" అంటే సరిపోతుంది.