లె, లా గురించి సాహితికి

సాహితీ,

లియాన్‌లో మాస్టర్స్, అదీ ఫ్రెంచ్‌లోనే చదవబోతున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. నీ మార్కుల గురించి కాదు. ఫ్రెంచ్‌లో నామవాచకం ముందు పుంలింగమైతే లె, స్త్రీలింగమైతే లా పెట్టాలి కదా, ఏది అనాలో తెలియక నోరు మూసుకుంటావేమోనని.

మనకు లింగం అర్థాన్ని బట్టి వస్తుంది. అక్కడ ఆ లెక్క వెతక్కు. గడ్డానికి 'లా బార్బ్' అంటారు, స్త్రీలింగం! ఫ్రెంచ్ వాళ్లు మాట చివరి శబ్దం పట్టుకుంటారు. 1979లో అచ్చయిన కార్మిలాఫ్-స్మిత్ పరిశోధనలో, కల్పించిన మాటలకు కూడా చిన్నపిల్లలు ఎక్కువగా చివరి శబ్దాన్ని బట్టే లింగం తేల్చారు. 'సియోం', 'ఎత్' వస్తే ఎక్కువగా స్త్రీలింగం. 'మాం', 'ఆజ్' వస్తే దాదాపుగా పుంలింగం. ప్లాజ్, ఇమాజ్ లాంటివి ఎదురుతిరుగుతాయి, వాటిని బట్టీ పట్టు.

యానాంలో నా దగ్గర ఒక కుర్రాడు చదివేవాడు. నోట్‌బుక్‌లో ఒక పక్క ఫ్రెంచ్, ఇంకో పక్క తెలుగు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ మాట ముందూ లె లేదు, లా లేదు. "అవి తర్వాత నేర్చుకుంటా మేడమ్" అనేవాడు. మౌఖిక పరీక్షలో ఇంటి గురించి చెప్పమన్నారు. 'మెజోం' దగ్గరే ఆగిపోయాడు. అది లా అని తేలితేనే పెద్ద ఇల్లు 'గ్రాంద్' అవుతుంది, తర్వాతి వాక్యంలో దాన్ని 'ఎల్' (ఆమె) అనాలి. ఒక్క చిన్న మాట తెలియక మూడు చోట్ల తడబడ్డాడు. అన్నీ తెలిసిన పిల్లాడు తలదించుకుని బయటికొచ్చాడు. ఆ ముఖం ఇంకా కళ్లముందే ఉంది.

అందుకే ఏ మాటైనా ముందు 'ఒక' అని అర్థమిచ్చే 'అం' (పుంలింగం) గానీ 'యున్' (స్త్రీలింగం) గానీ పెట్టే రాసుకో. అచ్చుతో మొదలయ్యే మాటలకు లె, లా రెండూ ఒట్టి 'ల్' అయిపోతాయి. బడిని 'లెకోల్' అని నేర్చుకుంటే ఏ లింగమో తెలియదు. 'నా బడి' అనే 'మోం నెకోల్' విని, 'మోం' మామూలుగా పుంలింగానిదే కదా అని పుంలింగం అనుకుంటావు, కాదు. యున్ ఎకోల్.

తప్పు దొర్లితే కుంగిపోకు. కోవిడ్‌ను స్త్రీలింగం అనమని 2020లో ఫ్రెంచ్ భాష బాగోగులు చూసే ఫ్రెంచ్ అకాడమీ చెప్పినా, అక్కడి జనం చాలామంది లె కోవిడ్ అనే అంటున్నారు.

ఆదివారం ఫోన్ చెయ్యమ్మా. వంటింట్లో నిలబడి కనిపించినవన్నీ చెప్పు: అం కుతో (కత్తి), యున్ ఫుర్షెత్ (ఫోర్క్). తప్పొచ్చినా ఆపకు, నేను వింటూనే ఉంటాను.

మీ పెద్దమ్మ