ఒంటరితనంతో క్యాన్సర్ ముదురుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, కీమోథెరపీ నడుస్తోంది. ఇన్ఫెక్షన్ భయంతో ఎవరినీ రానివ్వడం లేదు. గదిలో ఒంటరిగా కుమిలిపోతోంది. ‘నా దిగులే ఈ జబ్బు తెచ్చింది’ అంటోంది. నిజమేనా?

జవాబు: దిగులు వల్ల క్యాన్సర్ వస్తుందనటానికి గట్టి ఆధారాలు లేవు. ఈ మాట ముందు మీ అమ్మగారికి చెప్పండి. జబ్బు చాలదన్నట్టు ఆ నింద కూడా ఆవిడ మోయనక్కర్లేదు.

అలాగని ఒంటరితనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒత్తిడి వదలకుండా ఉంటే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్, నరాల కొసల నుంచి నార్‌అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. క్యాన్సర్ కణాలను పసిగట్టి చంపే న్యాచురల్ కిల్లర్ కణాలు, టి-కణాలు ఈ హార్మోన్లకు స్పందిస్తాయి. నెలల తరబడి ఈ హార్మోన్ల తాకిడి ఉంటే ఆ కణాల చురుకుదనం తగ్గుతుంది. అండాశయ క్యాన్సర్ బాధితుల్లో అయినవారి అండ బాగా ఉన్నవారికి న్యాచురల్ కిల్లర్ కణాలు మరింత చురుగ్గా ఉన్నట్టు ఒక అధ్యయనంలో తేలింది. ఒత్తిడికి గురిచేసిన ఎలుకల్లో అండాశయ కణితులు త్వరగా పెరిగాయి. నార్‌అడ్రినలిన్‌ను అడ్డుకునే ప్రొప్రనలాల్ ఇస్తే ఆ ప్రభావం ఆగింది. ఇది చదివి ఆ మాత్ర సొంతంగా వేయకండి. క్యాన్సర్ చికిత్సగా అది ఇంకా రుజువు కాలేదు.

తోడు దొరికితే ఆయుష్షు పెరుగుతుందా? రొమ్ము క్యాన్సర్ ముదిరిన స్త్రీలు బృందంగా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకుంటే ఎక్కువ కాలం జీవించారని 1989లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో అది నిలబడలేదు. కానీ 2001 నాటి అధ్యయనంలో అలా కలిసినవారికి దిగులూ, నొప్పి బాధా తగ్గాయి. నా దృష్టిలో ఈ ఒక్క మేలు కోసమైనా మీ అమ్మగారి గది తలుపు తెరవాలి.

కీమో ఇచ్చాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే తెల్లకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు గుంపు వద్దు. మిగతా రోజుల్లో జలుబు, దగ్గు లేనివారు ఒకరిద్దరు చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దిగులు, నిద్రలేమి రెండు వారాలకు మించి ఉంటే క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి. కుంగుబాటుకు మంచి మందులున్నాయి. అయితే వాటిలో పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ వంటివి, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ పనితీరును తగ్గించగలవు. టామోక్సిఫెన్ వాడుతున్నా, ఇకముందు వాడాల్సి ఉన్నా మానసిక వైద్యుడికి ముందే తెలియజేయండి.